నలుగురిలో నోరు పెగలడం లేదా? హుస్నె జన్‌ను ఇలా సాధన చేయండి

జగదాంబ దగ్గర షేర్ ఆటో ఎక్కారు. దిగాల్సిన చోటు వచ్చేస్తోంది. "అన్నా, ఇక్కడ ఆపండి" అని మూడు ముక్కలు అనాలి. మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. ఆటో దాటిపోయింది. ఇంకెవరో ఆపమన్న చోట మీరూ దిగి, అర కిలోమీటరు ఎండలో వెనక్కి నడుస్తున్నారు. నడిచినంతసేపూ బుర్రలో ఒకటే: "నోరు లేనివాణ్నని అందరూ అనుకునే ఉంటారు."

ఆటోలో ఉన్నవాళ్లు ఏమనుకున్నారో మీకు తెలియదు. అయినా తీర్పు రాసేశారు, శిక్ష కూడా మీకే వేసుకున్నారు. నలుగురిలో పుట్టే ఈ భయాన్నే సోషల్ యాంగ్జైటీ అంటారు. 18 నుంచి 30 ఏళ్ల మధ్య ఉండి, ఇలాంటి శిక్ష రోజూ అనుభవిస్తున్న విశాఖ ముస్లిం యువతీ యువకుల కోసం ఈ పద్ధతి రాస్తున్నాం. రోజుకు 30 నుంచి 40 నిమిషాలు, దాదాపు 12 వారాలు పడుతుంది. ఒక చిన్న నోటు పుస్తకం, పెన్ను చాలు.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. "పాజిటివ్‌గా ఆలోచించు" అంటే చాలామంది "అంతా బాగా జరుగుతుందనుకో" అని అర్థం చెప్తారు. నలుగురిని చూస్తే గుండె దడ పుట్టేవాళ్ల దగ్గర ఇది పనిచేయదు. "గ్యారంటీ ఏంటి?" అని మనసు వెంటనే ఎదురు అడుగుతుంది. గ్యారంటీ లేదన్న సంగతి దానికి తెలుసు. ఒక్కసారి మాట తడబడితే చాలు, కట్టిన మేడ మొత్తం కూలుతుంది.

ఇస్లాం అడిగేది వేరు. "నా దాసుడు నన్ను గురించి ఎలా భావిస్తే నేను అతని పట్ల అలాగే ఉంటాను" అని అల్లాహ్ చెప్పినట్టు సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం అనే హదీసు గ్రంథాల్లో హదీసె ఖుద్సీ ఉంది. అల్లాహ్ పట్ల పెట్టుకునే ఆ మంచి భావనే హుస్నె జన్. మాట తడబడదని అందులో హామీ లేదు. తడబడినా నన్ను వదిలేయడు, దాన్నుంచి బయటపడే దారి చూపిస్తాడు అన్న భరోసా ఉంది. ఇక మనుషుల సంగతి. అనుమానాలకు చాలావరకు దూరంగా ఉండమని, కొన్ని అనుమానాలు పాపమవుతాయని ఖుర్ఆన్ 49వ సూరా 12వ ఆయత్ చెప్తోంది. ఇంట్లో పెద్దలు బద్‌గుమానీ అంటారే, అదే. ఈ ఆయత్‌ను మనం ఎప్పుడూ ఇతరుల మీద నిందలు వేయకూడదన్న అర్థంలోనే వింటాం. "వాడు నన్ను చూసి లోపల నవ్వుకుంటున్నాడు" అనుకోవడం కూడా బద్‌గుమానీయే. ఎదుటి మనిషి గుండెలో చెడు ఉందని ఆధారం లేకుండా తేల్చేస్తున్నాం కదా! ఈ ఒక్క ముక్క పట్టుబడితే సగం పని అయినట్టే.

మొదటి అడుగు: ఇది హయానా, భయమా?

ఇంట్లో, మసీదులో నెమ్మదిగా ఉండే పిల్లల్ని అందరూ మెచ్చుకుంటారు. "మా వాడికి హయా ఎక్కువ" అంటారు. హయా అంటే ధర్మం మెచ్చే సిగ్గు. దాంతో భయం ఏళ్ల తరబడి హయా ముసుగులో దాక్కుంటుంది. విడదీయడానికి గీటురాయి హదీసులోనే ఉంది: హయా మేలు తప్ప మరేదీ తీసుకురాదు. కాబట్టి మీ సిగ్గు మీకు ఏం తెచ్చిపెడుతోందో నోటు పుస్తకం మొదటి పేజీలో రాయండి. గత 6 నెలల్లో ఆ సిగ్గు వల్ల వదులుకున్నవి: ఎగ్గొట్టిన వైవా, వెళ్లని ఇంటర్వ్యూ, అర్థం కాకపోయినా అడగని సందేహం, కడుపు నొప్పని చెప్పి తప్పించుకున్న వలీమా (పెళ్లి విందు), జమాత్ అయిపోయాక గబగబా చెప్పులు వేసుకుని పారిపోయిన జుమాలు. పేజీ నిండిందంటే అది హయా కాదు. హక్కులు, బాధ్యతలు వదిలేసేలా చేసే సిగ్గు నిజమైన హయా కాదని, అది అశక్తత అని హదీసు వ్యాఖ్యాతలు ఎప్పుడో విడదీసి చెప్పారు. అన్సారీ స్త్రీలను ఆయిషా (ర) మెచ్చుకున్నది కూడా, ధర్మం నేర్చుకోవడానికి సిగ్గు వాళ్లకు అడ్డం రాలేదనే. అమ్మాయిలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో ముల్లు కూడా ఇక్కడే తీసేయండి: "నా ఈమాన్ బలహీనంగా ఉంది కాబట్టే భయం." మూసా (అ) ప్రవక్త. ఫిర్‌ఔన్ దగ్గరికి వెళ్లమని ఆజ్ఞ వచ్చినప్పుడు ఆయన ఏమన్నారో ఖుర్ఆన్ దాచలేదు. గుండె బిగుసుకుపోతోందని, నాలుక సాగడం లేదని చెప్పుకున్నారు (26:13). తనకంటే హారూన్ (అ) బాగా మాట్లాడగలడని, తోడుగా పంపమని అడిగారు (28:34). తోడు దొరికింది, ఆజ్ఞ మాత్రం రద్దు కాలేదు. భయం ఉండగానే వెళ్లారు. నలుగురిలో మాట్లాడాలంటే భయపడే మనిషి గురించి ఇంత స్పష్టంగా చెప్పిన ఆయతులు ఉండగా, భయాన్ని ఈమాన్ లోపంగా లెక్కేసుకోవడం మీకు మీరు చేసుకునే అన్యాయం.

రెండో అడుగు: వారం రోజులు లెక్క రాయండి

మొదటి వారం ఏమీ మార్చవద్దు, రాయడమే. భయం పుట్టిన ప్రతిసారీ నాలుగు గీతల్లో: ఎక్కడ, భయం ఎంత (0 నుంచి 100), ఆ క్షణంలో బుర్రలో తిరిగిన వాక్యం, తప్పించుకోవడానికి చేసిన పని. మూడోది ఉన్నది ఉన్నట్టు రాయాలి. "టెన్షన్ వచ్చింది" అని రాస్తే పనికిరాదు. "నా చెయ్యి వణకడం చూసి సార్ నన్ను పనికిరానివాణ్నని అనుకుంటాడు" అని రాయాలి.

నాలుగోది చాలామంది వదిలేస్తారు. అసలు దొంగ అక్కడే ఉంటాడు. బస్సులో ఎవరూ పలకరించకుండా ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవడం, మాట్లాడే ముందు వాక్యాన్ని పదిసార్లు మనసులో వల్లె వేయడం, కళ్లు ఫోన్‌లోకి దించేయడం, చెమట కనబడకుండా నల్ల చొక్కా వేసుకోవడం. ఇవన్నీ ఆ పూటకు కాపాడినట్టే ఉంటాయి. కానీ "ఇది చేశాను కాబట్టే బతికిపోయాను" అని మెదడు నేర్చుకుంటుంది. అందుకే భయం తగ్గదు.

ఒక టీ గ్లాసు తీసుకుని చూడండి. గ్లాసు అంచు దాకా వేడి టీ. చెయ్యి వణుకుతుందేమోనని నాలుగు వేళ్లూ బిగించి, మోచెయ్యి పక్కటెముకలకు అదిమి పట్టుకున్నారు. బిగించిన కండరం వదులుగా ఉన్న కండరం కంటే ఎక్కువ వణుకుతుంది. టీ ఒలికింది. ఇప్పుడు అదే గ్లాసును బొటనవేలు, రెండు వేళ్లతో వదులుగా పట్టుకుని, మోచెయ్యి ఒంటికి ఎడంగా ఉంచండి. వణుకు తగ్గుతుంది. ఇంట్లో నిండు నీళ్ల గ్లాసుతో రెండు రకాలుగానూ చేసి చూడండి, 2 నిమిషాల పని. వణుకు దాచాలన్న ప్రయత్నమే వణుకు పెంచుతోందని చెయ్యే మీకు చెప్తుంది.

చెమట సంగతి కూడా అంతే. విశాఖ ఉక్కపోతలో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా చెమట పట్టని మనిషి ఎవరు? ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కోసం నిలబడ్డ వందమందికీ వీపు తడిసే ఉంటుంది. మీ చెమట ఒక్కటే భయం చెమటని ఎవరూ కనిపెట్టలేరు.

మూడో అడుగు: బద్‌గుమానీకి మూడు జవాబులు

రెండో వారం నుంచి, రోజూ ఇషా తర్వాత 10 నిమిషాలు. ఆ రోజు రాసిన వాక్యాల్లో ఒకదాన్ని తీసుకోండి. దాని కింద మూడు పంక్తులు రాయాలి.

మొదటి పంక్తి: ఇది నేను చూసిందా, ఊహించిందా? "ఆయన ముఖం చిట్లించాడు" చూసింది. "నన్ను చూసి అసహ్యించుకున్నాడు" ఊహించింది. ఊహను కొట్టేయండి. గుండెల్లో ఏముందో అల్లాహ్‌కే తెలుసు. అక్కడ తీర్పు చెప్పే పని మీది కాదు.

రెండో పంక్తి: చూసినదానికి ఇంకో మూడు కారణాలు. మీ సోదరుడి కోసం 70 సాకులు వెతకమన్న మాట చాలామంది హదీసుగా చెప్తారు. అది పూర్వపు బుజుర్గుల మాట, ప్రవక్త (స) హదీసు కాదు. మాట మాత్రం బంగారం. 70 అక్కర్లేదు, మూడు చాలు: కళ్లలో ఎండ పడింది, తలనొప్పిగా ఉంది, ఇంట్లో ఏదో గొడవ. ఏది నిజమో తేల్చనవసరం లేదు. మొదటి ఊహ ఒక్కటే నిజమన్న పట్టు సడలితే చాలు.

మూడో పంక్తి: ఒకవేళ ఆ ఊహే నిజమైతే? ఇది వదిలేస్తే సాధన సగంలో ఆగినట్టే. నిజంగానే ఒకరు నవ్వుకున్నారనుకోండి. అప్పుడు ఏం పోతుంది, ఎన్నాళ్లు పోతుంది, ఆ తర్వాత ఏం చేస్తారు? చివర్లో మీ మాటల్లో ఒక్క వాక్యం: "అతను నవ్వినా నా రిజ్క్ (జీవనోపాధి), నా ఇజ్జత్ (గౌరవం) అతని చేతిలో లేవు." హుస్నె జన్ ఇక్కడ నిలబడుతుంది. జనం నవ్వరన్న ఆశ మీద కాకుండా, అల్లాహ్ విడిచిపెట్టడన్న నమ్మకం మీద.

మనల్ని అందరూ చూస్తున్నారన్న లెక్క ఎంత తప్పో అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. 2000లో అచ్చయిన ఆ ప్రయోగంలో, విద్యార్థులకు సిగ్గనిపించే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి తోటివాళ్లున్న గదిలోకి పంపారు. దాదాపు సగం మంది గమనించి ఉంటారని టీషర్టు తొడుక్కున్నవాళ్లు అంచనా వేశారు. గమనించింది పావు వంతు మందే.

ఈ మూడు పంక్తులూ ప్రశాంతంగా ఉన్నప్పుడే రాయాలి, గుండె దడదడలాడుతున్నప్పుడు కాదు. 9, 10 శతాబ్దాల నాటి పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ ఇదే చెప్పాడు: అత్యవసరానికి ఇంట్లో మందులు దగ్గర పెట్టుకున్నట్టు, ఆరోగ్యంగా ఉన్నప్పుడే మంచి ఆలోచనలు సిద్ధం చేసి పెట్టుకోవాలని. వారంలో బాగా పనిచేసిన రెండు మూడు వాక్యాలను ఒక చిన్న కాగితం మీద రాసి ఫోన్ కవరులో పెట్టుకోండి.

నాలుగో అడుగు: దువాకు దాని చోటు ఇవ్వండి

మూసా (అ) చేసిన దువా 20వ సూరాలో 25 నుంచి 28 దాకా ఉంది. రబ్బిష్రహ్ లీ సద్రీ, వ యస్సిర్ లీ అమ్రీ, వహ్లుల్ ఉఖ్దతమ్ మిల్లిసానీ, యఫ్ఖహూ ఖౌలీ. ప్రభూ, నా గుండెను విశాలం చెయ్యి, నా పని సులువు చెయ్యి, నా నాలుక ముడి విప్పు, వాళ్లు నా మాట అర్థం చేసుకోవాలి. చివరి ముక్క చూడండి. వాళ్లు నన్ను మెచ్చుకోవాలని అడగలేదు, అర్థం చేసుకోవాలని అడిగారు. ఏ సంభాషణకు వెళ్తున్నా మీ గురి అదే. నా మాట చేరిందా లేదా, అంతే.

బుఖారీలో ఇంకో దువా ఉంది: అల్లాహుమ్మ ఇన్నీ అఊజు బిక మినల్ హమ్మి వల్ హజన్, వల్ అజ్జి వల్ కసల్ అని మొదలై, పిరికితనం నుంచి, జనం తొక్కివేయడం నుంచి శరణు కోరేది. హమ్మ్ అంటే రాబోయేదాని గురించి దిగులు, హజన్ అంటే అయిపోయినదాని గురించి బాధ అని పండితులు విడదీస్తారు. సోషల్ యాంగ్జైటీ మనిషిని నలిపేది సరిగ్గా ఈ రెండు వైపుల నుంచే. ఫజర్ తర్వాత ఒకసారి, మగ్రిబ్ తర్వాత ఒకసారి, అర్థం తలుచుకుంటూ చదవండి.

ఇక్కడ జరిగే పొరపాటు పెద్దది. క్లాసులో కూర్చుని, భయం రాకుండా ఉండాలని జేబులో వేళ్లతో తస్బీహ్ లెక్కపెడుతూ ఉండటం. పక్కవాడు అడిగింది వినబడదు, "ఆఁ?" అంటారు, ఇంకా కంగారు. జిక్ర్ అల్లాహ్‌ను తలుచుకోవడానికి. భయాన్ని నొక్కిపెట్టే మాత్రలా వాడితే, ఇయర్‌ఫోన్స్ చేసే పనే అదీ చేస్తుంది. పైగా భయం పోకపోతే "నా జిక్ర్ కూడా పనిచేయలేదు" అని ఇంకో గాయం. పద్ధతి ఇది: గుమ్మం దాటే ముందు ఒకసారి దువా, బిస్మిల్లాహ్. లోపలికి వెళ్లాక నోరు, చెవులు, కళ్లు ఎదుటి మనిషివి. బయటికి వచ్చాక అల్‌హమ్దులిల్లాహ్. మధ్యలో భయం ఉంటే ఉండనివ్వండి.

ప్రతి చిన్నదానికీ ఇస్తిఖారా (ఏది మేలో చూపమని అల్లాహ్‌ను కోరే నమాజు, దువా) చేస్తూ రోజులు జరపడం కూడా తప్పించుకోవడమే. సందేహం అడగాలా వద్దా అన్నదానికి ఇస్తిఖారా అక్కర్లేదు.

దడ మరీ ఎక్కువగా ఉంటే వజూ చేసి కూర్చోండి. 4 అంకెలు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో గాలి తీసుకుని, 6 అంకెలంతసేపు వదలండి. 5 నిమిషాలు. ఇది ఇంటి దగ్గర చేసుకునేది. జనం మధ్యలో ఊపిరి లెక్కపెట్టకండి, దృష్టి మళ్లీ మీ మీదికే వస్తుంది.

ఐదో అడుగు: ఒంటెను కట్టేది ఇక్కడే

ఒంటెను కట్టేసి, ఆ తర్వాత తవక్కుల్ చెయ్యమన్న, అంటే అల్లాహ్ మీద భారం వెయ్యమన్న హదీసు తిర్మిజీలో ఉంది. ఈ సమస్యలో ఒంటెను కట్టడం అంటే, భయపడే చోటికే కొంచెం కొంచెంగా, పదేపదే వెళ్లడం. ఇది లేకుండా పైన చెప్పినవన్నీ చేసినా భయం ఉన్నచోటే ఉంటుంది. మానసిక వైద్యంలోనూ సోషల్ యాంగ్జైటీకి బాగా రుజువైన చికిత్సలో గుండెకాయ లాంటిది ఇదే.

నోటు పుస్తకంలో 10 నుంచి 12 మెట్లు రాయండి, ఒక్కోదాని పక్కన భయం మార్కు. నమూనా ఇస్తున్నాం, మీ మార్కులు మీవే.

15: పక్కింటి పెద్దాయనకు మీరే ముందుగా, వినబడేలా సలాం లేదా నమస్కారం.
25: షేర్ ఆటోలో "ఇక్కడ ఆపండి" అని గట్టిగా చెప్పి దిగడం.
30: బీచ్‌లో మురీ మిక్చర్ బండి దగ్గర "ఉల్లిపాయ తగ్గించండి, నిమ్మకాయ ఇంకొంచెం పిండండి" అని అడగడం.
40: ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఒక పుస్తకం ఎక్కడుందో సిబ్బందిని అడగడం.
45: రైతు బజారులో ధర అడిగి, ఏమీ కొనకుండా "సరేనండీ" అని కదలడం.
55: జుమా తర్వాత పరిచయం లేని ఒకరితో ముసాఫహా చేసి (చేతులు కలిపి), పేరు, ఉండే చోటు అడగడం.
65: క్లాసులో ఒక సందేహం అడగడం.
75: వలీమాలో తెలియనివాళ్ల పక్కన కూర్చుని నింపాదిగా భోజనం చేయడం.
85: ఇఫ్తార్‌కు ముందు పదిమందిలో ఒక హదీసు చదివి వినిపించడం.
95: స్నేహితులు ముగ్గురిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాక్ ఇంటర్వ్యూ.

అమ్మాయిలకు 55 మార్కుల మెట్టు స్త్రీల ఇజ్తెమాలోనో, దర్స్‌లోనో, పొరుగింట్లోనో కుదురుతుంది. పరాయి మగవాళ్లతో, పరాయి ఆడవాళ్లతో కబుర్లు ఈ సాధనలో అవసరం లేదు. షాపు, బస్సు, కాలేజీ, ఆఫీసులో అవసరమైన మాట అవసరమైనంత గట్టిగా చెప్పగలిగితే చాలు.

మసీదు ఎందుకు మంచి సాధనా స్థలం అంటే, అక్కడ ఎవరు ముందు మాట్లాడాలో నియమం ఉంది. చిన్నవాళ్లు పెద్దవాళ్లకు, నడిచేవాళ్లు కూర్చున్నవాళ్లకు, తక్కువమంది ఎక్కువమందికి సలాం చెప్పాలని హదీసు. "ముందు నేను పలకరిస్తే ఏమనుకుంటారో" అన్న ప్రశ్నే లేదు. మీరు వయసులో చిన్న, నడుస్తూ వస్తున్నారు, ఒక్కరే ఉన్నారు. మూడు లెక్కల్లోనూ మొదలుపెట్టాల్సింది మీరే. మాట కూడా ముందే తయారుగా ఉంది, జవాబు ఇవ్వడం అవతలివాళ్ల బాధ్యత. చిరునవ్వు సదఖా అన్న హదీసు కూడా తోడుంది.

పదిమందిలో ఖుర్ఆన్ చదవాలంటే భయపడేవాళ్లకు ఇంకో హదీసు ఉంది. తడబడుతూ, కష్టపడుతూ చదివేవారికి రెండు పుణ్యాలు. తడబాటుకు పరువు నష్టం కాదు, ప్రతిఫలం రాసి ఉంది.

మెట్టు ఎక్కే విధానం. వెళ్లే ముందు ఒక అంచనా రాయండి: "ధర అడిగి కొనకపోతే ఆమె తిడుతుంది." తిరిగొచ్చాక జరిగింది రాయండి. రైతు బజారులో వంకాయలమ్మే ఆమె "ఏటి బాబూ, వద్దా?" అని పక్కవాళ్లకి తూకం వేసుకుంటూ పోయింది, అంతే. ధర అడగడం లాంటి చిన్న పనులు ఒకే సాయంత్రం 5 చోట్ల వరసగా చేయాలి. మొదటిదానికి 45 ఉన్న భయం ఐదోదానికి 30కి దిగడం మీరే చూస్తారు. వలీమా లాంటి పెద్ద వాటిలో భయం సగానికి తగ్గే వరకు, మామూలుగా 20 నుంచి 45 నిమిషాలు, అక్కడే ఉండాలి. వారానికి కనీసం 4 రోజులు. ఒక మెట్టు మీద భయం 30 లోపు రెండు మూడు సార్లు వస్తే పై మెట్టుకు వెళ్లండి.

తప్పు జరిగేది మూడు చోట్ల. దడ పతాక స్థాయిలో ఉన్నప్పుడు లేచి వచ్చేయడం: పారిపోతేనే బతికాం అని మెదడుకు పాఠం అందుతుంది, మరుసటి సారి ఇంకా కష్టమవుతుంది. లేవక తప్పకపోతే బయట 5 నిమిషాలు నిలబడి మళ్లీ లోపలికి వెళ్లండి. రెండోది, ఉత్సాహంతో 25 నుంచి 85కి దూకడం. ఇలా దూకితే దెబ్బతిని మళ్లీ ఇంట్లో కూర్చోవాల్సి రావచ్చు. మూడోది, సాధన కానిదాన్ని సాధన అనుకోవడం. సాయంత్రం ఆర్కే బీచ్‌లో వేలమంది మధ్య నడిచారు, ఎవరితోనూ మాట్లాడలేదు. ఒంటికి మంచిది, మనసుకీ హాయి, కానీ మెట్టు ఎక్కినట్టు కాదు. ఆ మురీ మిక్చర్ బండి దగ్గర ఆగితేనే ఎక్కినట్టు.

మాట్లాడేటప్పుడు దృష్టి బయటికి తిప్పాలి. మీ గుండె చప్పుడు, ముఖం ఎర్రబడటం, గొంతు వణుకు గమనించడం మొదలుపెట్టారంటే ఎదుటివాళ్ల మాట సగం జారిపోతుంది. సాధనకు తేలిక చోటు సిటీ బస్సు. కాంప్లెక్స్ నుంచి గాజువాక దాకా కూర్చుని, ఎదురుగా ఉన్నవాళ్ల చేతుల్లో ఏ సంచులున్నాయి, కండక్టరు ఏ స్టాపుల పేర్లు అరుస్తున్నాడు, గాలిలో ఏ వాసన వస్తోంది, ఇవి గమనిస్తూ ఉండండి. మనసు మీ మీదికి వచ్చిన ప్రతిసారీ మళ్లీ బయటికి పంపండి, విసుక్కోకుండా.

ఐదారు వారాలయ్యాక ఒక పని చేయండి. ఫోన్ నిలబెట్టి, ఏదైనా విషయం మీద 3 నిమిషాలు మాట్లాడి రికార్డు చేయండి. చూసేముందు ఏం కనబడుతుందో రాయండి: "ముఖమంతా ఎర్రగా, గొంతు వణుకుతూ." ఇప్పుడు ముక్కూముఖం తెలియని మనిషిని చూస్తున్నట్టు చూడండి. లోపల పడ్డ యాతనకు, బయట కనబడేదానికి ఎంత తేడా ఉందో ఏ ధైర్యవచనమూ చెప్పలేనంత స్పష్టంగా తెలుస్తుంది.

ఆరో అడుగు: రాత్రి కచేరీ మూసేయండి

పడుకున్నాక పగలు జరిగిన సంభాషణ మళ్లీ తెర మీదికి వస్తుంది. "అలా అనకుండా ఉండాల్సింది", "ఇలా అని ఉంటే..." దీన్ని కొందరు ముహాసబా (తన పనులను తానే లెక్క చూసుకోవడం) అనుకుని గంటలు గడిపేస్తారు. రెండూ ఒకటి కాదు. ముహాసబాలో లెక్క అల్లాహ్ ముందు: అబద్ధం చెప్పానా, ఎవరినైనా నొప్పించానా, ఎవరి హక్కైనా ఎగ్గొట్టానా? ఉంటే తౌబా, అవసరమైతే క్షమాపణ. 5 నిమిషాల్లో అయిపోతుంది. రెండోదానిలో లెక్క జనం ముందు, అందుకే తెగదు.

సహీహ్ ముస్లిం గ్రంథంలో హదీసు ఉంది: నీకు మేలు చేసేదాన్ని గట్టిగా పట్టుకో, అల్లాహ్ సాయం కోరు, చేతకానివాడివై కూర్చోకు, ఏదైనా జరిగితే "అలా చేసి ఉంటే ఇలా అయ్యేది" అనకు, "ఖద్దరల్లాహు వ మా షాఅ ఫఅల్" (అల్లాహ్ నిర్ణయించాడు, తలచింది చేశాడు) అను, ఎందుకంటే "అయి ఉంటే" అన్న మాట షైతాన్ పనికి తలుపు తెరుస్తుంది. మీ బుర్రలో "ఉంటే" అన్న మాట వినబడగానే అది గుర్తు. ఆ వాక్యం ఒకసారి అని, నోటు పుస్తకంలో షుక్ర్ కింద ఆ రోజు చేసిన ఒక పని రాయండి. "ధైర్యం వచ్చింది" లాంటివి వద్దు. "ఐదుగురిని ధర అడిగాను" అని రాయండి. ఆలోచనను బలవంతంగా తోసేయకండి, తోసినకొద్దీ తిరిగొస్తుంది. వస్తే రానివ్వండి, వాదనకు దిగకండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

భయం 6 నెలలు దాటి ఉండి చదువునో, ఉద్యోగాన్నో, ఇంటినో దెబ్బతీస్తుంటే. భయం తట్టుకోవడానికి మత్తు అలవాటైతే. నిద్ర, తిండి, నమాజు మీద కూడా ఆసక్తి పోతే, ఒంటరిగా ఈ పద్ధతి చేస్తూ కూర్చోకండి. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే చెప్పాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, రోజంతా, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ చేయడమే భయమైతే, చెప్పాల్సినది మూడు వాక్యాలు కాగితం మీద రాసుకుని చదవండి. విశాఖలో వాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉంది. వాల్తేరు ఆసుపత్రికి వెళ్తే పిచ్చి అంటారన్న భయంతో ఏళ్లు పోగొట్టుకోకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీ వివరాలు గోప్యంగా ఉంచే హక్కు ఇచ్చింది.

థైరాయిడ్ ఎక్కువైనా గుండె దడ, వణుకు, చెమట వస్తాయి. ఒక రక్తపరీక్షతో తేలుతుంది, అడగండి. రోజుకు ఐదారు టీలు, ఎనర్జీ డ్రింకులు తాగేవాళ్లు ముందు అవి తగ్గించాలి. డాక్టరు మందు రాస్తే, ఈ సమస్యకు ఎక్కువగా ఇచ్చే రకం మందుల ప్రభావం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగో రోజు పనిచేయలేదని మానేయవద్దు, తగ్గిందని మీ అంతట మీరు ఆపవద్దు. రంజాన్‌లో రోజుకొకటి వేసుకునే మాత్రను సెహ్రీకో, ఇఫ్తార్ తర్వాతకో మార్చుకోవచ్చా అని నెల ముందే డాక్టరును అడగండి. దువా చేయించాలని ఇంట్లో పెద్దలు ఆమిల్ (తాయెత్తులు కట్టేవారు) దగ్గరికో, దర్గాకో తీసుకెళ్తామంటే వాళ్లతో గొడవ వద్దు. అల్లాహ్ ఏ రోగాన్నీ దాని మందు లేకుండా దించలేదన్న బుఖారీ హదీసు చెప్పి, డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లమనండి.

ఇంట్లోవాళ్లకు

అమ్మీ, అబ్బా చేయాల్సింది తక్కువే, కానీ కష్టమైనది. షాపులో, ఆసుపత్రిలో, చుట్టాలింట్లో పిల్లవాడి బదులు మీరు జవాబు చెప్పకండి. "వీడికి సిగ్గు" అని అతని ముందే ఎవరితోనూ అనకండి. "పేరేంటి బాబూ?" అని ఎవరైనా అడిగితే, అతని నోటి నుంచి మాట రావడానికి 10 సెకన్లు పట్టినా, ఆ 10 సెకన్లు ఆగండి.